పీతలదిబ్బ ముసలాయనకు వీడ్కోలు సభ

ఇదంతా ఒక కోటు వల్ల వచ్చింది.

పట్నంలో తీర కట్టడాల శాఖ అని ఒక పెద్ద కార్యాలయం ఉంది. సముద్రం ఒడ్డున ప్రభుత్వం కట్టినవన్నీ దాని కిందికే వస్తాయి. అందులో ఒక గుమాస్తా పదవీ విరమణ చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కోటు కుర్చీకి తగిలించి మరిచిపోయాడు. కోటు కనిపిస్తోంది గనక మనిషి టీ తాగడానికి వెళ్ళాడనుకున్నారు. అలా చాలాకాలం అనుకున్నారు. పని పేరుకుపోయిందని ఆ కోటుకు రెండుసార్లు మెమో ఇచ్చారు. ఎదురు చెప్పకుండా వినయంగా ఉన్నందుకు ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగి ప్రశంస కూడా ఇచ్చారు. ప్రశంస అందుకోవడానికి లేవకపోయేసరికి అప్పుడు అనుమానం వచ్చింది.

కొత్తగా వచ్చిన కమిషనర్ పద్మలోచనరావు గారు ఈ సంగతి విని కదిలిపోయారట. "మన మధ్య నుంచి ఒక మనిషి వెళ్ళిపోతే మనకు తెలియలేదంటే, మనది కార్యాలయమా, కట్టెల అడితీయా?" అని అందరినీ పోగుచేసి అడిగారట. ఏం చెప్పాలో తోచక అందరూ చప్పట్లు కొట్టారట. మర్నాటికల్లా మానవీయ వీడ్కోలు పథకం పుట్టింది. శాఖవారి గోడలన్నిటి మీదా "వీడ్కోలు లేనిదే విడుదల లేదు" అని నీలం రంగుతో రాయించారు.

ఆ పథకం ప్రకారం శాఖలో ఎవరైనా సరే, ఏదైనా సరే, ఉన్నచోటు నుంచి కదలాలంటే ముందు వీడ్కోలు సభ జరగాలి. వేదిక మీద అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ప్రధాన వక్త, సన్మాన పత్రం చదివేవారు, వందన సమర్పణ చేసేవారు, వెరసి అయిదుగురు కూర్చోవాలి. ఆ అయిదుగురూ ఆ చోటి సిబ్బందే అయివుండాలి. వెళ్ళేవారు వెళ్ళాక వాళ్ళు అక్కడే ఉండాలి. సాగనంపేవాళ్ళు కూడా వెంటనే లేచిపోతే అది వీడ్కోలు ఎలా అవుతుంది? ఆ ఒక్క మాట నాకూ న్యాయంగానే తోచింది. చివర్లో కోటును దృష్టిలో పెట్టుకుని ఇంకో నిబంధన చేర్చారు. వెళ్ళేవారి వస్తువు ఒక్కటి మిగిలి ఉన్నా వారు వెళ్ళినట్టు కాదు, అక్కడ ఉన్నట్టే. ఆ వస్తువును వారే స్వయంగా వచ్చి తీసుకుపోవాలి.

ఇవన్నీ మాకు పడవ సరంగు తాతీలు చెప్పాడు. తాతీలు చెప్పినదాంట్లో సగం తీసేసి నమ్మడం మా అలవాటు. ఈసారి తీసేసిన సగం కూడా నిజమేనని తర్వాత తేలింది.

మాది పీతలదిబ్బ అనే దీవి. ఒడ్డున పొద్దున్నే పడవెక్కితే, గాలి మంచిదైతే, అన్నాలవేళకు చేరతారు. పిడికెడు ఇళ్ళు, ఒక నుయ్యి, లెక్కలేనన్ని పీతలు, మధ్యలో దీపస్తంభం. దాన్ని మేం ముసలాయన అంటాం. మా ఆయన నరసింగరావు దానికి ఆఖరి కాపరి. ఒడ్డున కొత్త దీపం కట్టాక ముసలాయన్ను ఆర్పేశారు. ఆర్పారు గానీ, ఆయన కోసం ప్రతి బుధవారం వచ్చే శాఖవారి పడవను ఆపమని ఎవరికీ చెప్పలేదు. అందుకని అది వస్తూనే ఉంది. బియ్యం, కిరసనాయిలు, జ్వరం మాత్రలు అందులోనే వస్తాయి. జబ్బు చేసినవాళ్ళు అందులోనే ఒడ్డుకు వెళ్తారు. వెలగని దీపం పుణ్యమా అని మా దీవి నడుస్తోంది.

పడవెక్కేవాళ్ళు దీవిలో తమ వస్తువు ఒకటి వదిలి వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ. తువ్వాలు గానీ, ఒక చెప్పు గానీ, సగం కాల్చిన చుట్ట గానీ. ఆ వస్తువు ఎదురు చూస్తూ ఉంటుంది గనక మనిషి తిరిగి రాక తప్పదని నమ్మకం. మా ఆయన జ్వరంతో పడవెక్కిన రోజున చలిగా ఉందని దుప్పటితో సహా అన్నీ మూటగట్టుకుని వెళ్ళాడు. ఆసుపత్రి నుంచి మూట ఒక్కటే తిరిగి వచ్చింది. అప్పటి నుంచి ఎవరు పడవెక్కుతున్నా నేను రేవులో నిలబడి ఏదో ఒకటి లాక్కుంటాను. నన్ను చూడగానే జనం ముందే చెప్పు విడిచేస్తారు.

పక్కిల్లు పోలమ్మది. మా రెండిళ్ళకూ మధ్య తాటాకు దడి, ఆ దడికి ఒక కన్నం. కూరలు, నిప్పు, తిట్లు అందులోంచే ఇచ్చిపుచ్చుకుంటాం. పోలమ్మ రెండు కళ్ళకూ పొర వచ్చింది. ఒడ్డున ఆసుపత్రికి వెళ్ళి ముందు ఒక కన్ను కోయించుకోవాలి. వెళ్ళమంటే ఈ బుధవారం కాదు, వచ్చే బుధవారం అంటూ రోజులు గడుపుతోంది. వెళ్ళమని పోరేదాన్ని నేనే, ఆ మాట అన్నాక రాత్రంతా నిద్రపట్టనిదీ నాకే.

ఒక బుధవారం పడవలోంచి బియ్యం బస్తాలతో పాటు అయిదుగురు ఉద్యోగులు దిగారు. అందరికంటే పెద్దాయన సూపరింటెండెంట్ పెరుమాళ్ళు గారు. ఎండకు గొడుగు, చంకలో చుట్టిన బ్యానరు. అందరికంటే చిన్న ఉద్యోగం కూర్మారావుది. ఆయన నెత్తి మీద రెండు మడత కుర్చీలు ఉన్నాయి.

"మామ్మగారూ, దీపస్తంభం వారు ఎక్కడ ఉంటారు?" అని పెరుమాళ్ళు గారు నన్ను అడిగారు.

"మీ వెనకాలే బాబూ."

ఆయన వెనక్కి తిరిగి, తల ఎత్తి, ఇంకా ఎత్తి, చివరికి నమస్కారం పెట్టారు.

పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవులొదినా ఆ పొడుగాటాయన?"

"ముసలాయనే. ఆయన్ను పలకరించడానికి వచ్చారు."

"ఇన్నాల్టికి బుద్దొచ్చిందన్నమాట."

పెరుమాళ్ళు గారు గొంతు సవరించుకున్నారు. "ఇందుమూలముగా ద్వీపవాసులకు తెలియజేయునది ఏమనగా, గౌరవ దీపస్తంభం వారు విధుల నుంచి విరమించుచున్నారు. వారికి సముచితమైన వీడ్కోలు పలికి, ఆ నివేదికను నేను స్వయంగా ప్రధాన కార్యాలయంలో సమర్పించిన మరుక్షణం వారి విరమణ అమలులోకి వచ్చును. తత్ఫలితముగా ఈ పడవ సౌకర్యం రద్దగును."

నా గుండె జారి రేవులో పడింది. "పడవ రద్దయితే మేమెలా బతుకుతాం బాబూ?"

"కంగారు పడవద్దమ్మా. మీకు పునరావాసం ఉంది. ఒడ్డున రెండు కాలనీలు కట్టారు. అక్షర క్రమంలో కేటాయించారు. 'న' వరకు పేర్లున్నవారు ఉత్తరం కాలనీ. 'ప' నుంచి ఆపైవారు దక్షిణం కాలనీ."

నా పేరు కాంతమ్మ. పోలమ్మ పేరు పోలమ్మ.

"ఆ రెండు కాలనీలకీ మద్దినేటుంది బావూ?" అని పోలమ్మ అడిగింది.

"జిల్లా సరిహద్దు ఉందమ్మా."

పోలమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "నీ పేరు మార్సీసుకో ఒదినా. పాపమ్మ అని ఎట్టుకో. నీకు బాగుంటాది" అంది. నవ్వించడానికే అంది. నాకు ఏడుపు వచ్చేసింది.

పెరుమాళ్ళు గారు కంగారుగా చెయ్యి ఎత్తారు. "ఇప్పుడు కాదమ్మా, ఇప్పుడు కాదు. కంటతడి పదకొండో అంశం. దానికి స్థానికుల్లోంచి ఇద్దరు శోక సహాయకులను తీసుకోవచ్చునని పథకంలోనే ఉంది. మీరు చక్కగా ఏడుస్తున్నారు. సభలో కూడా ఇలాగే ఏడవండి."

సభ మర్నాడు పొద్దున్నే మొదలైంది. ముసలాయన పాదం దగ్గర కుర్చీలు వేశారు. శాలువా కప్పాల్సి వచ్చినప్పుడు మొదటి చిక్కు వచ్చింది. శాలువా భుజాల చుట్టూ కప్పాలని ఉంది. ముసలాయనకు భుజాలు లేవు. దీపపు గది కింద చుట్టూ ఉన్న వసారానే భుజాలుగా భావించాలని పెరుమాళ్ళు గారు నిర్ణయించారు. పట్నంలో దర్జీ చేత అతికించి తెచ్చిన ఎర్ర శాలువాను, పడవ తెరచాప ఎత్తే తాళ్ళతో తాతీలు పైకి లాగాడు. వెనకే బంతిపూల దండ వెళ్ళింది. జ్ఞాపికగా గోడ గడియారం ఇచ్చారు. ముసలాయన చేతుల్లో పెట్టమంటే చేతులు ఎక్కడని వెతికి, గుమ్మం ముందు పెట్టారు.

కూర్మారావు సన్మాన పత్రం చదివాడు.

"ఓ దీపస్తంభమా! విధులలో చేరిన నాటి నుంచి ఒక్కరోజు సెలవు కోరక, కూర్చోక, నడుము వాల్చక, నిలువుకాళ్ళ మీద సేవలందించిన ధన్యజీవీ! సహోద్యోగులతో మీరు ఏనాడూ పరుషంగా మాట్లాడి ఎరుగరు. మీ శేష జీవితం భార్యాబిడ్డలతో, మనుమలతో ఆయురారోగ్యాలతో గడవాలని..."

"పెళ్ళే కానోడికి పిల్లలేటి?" అంది పోలమ్మ గట్టిగా.

"నమూనాలో అలాగే ఉందమ్మా" అన్నాడు కూర్మారావు, చదవడం ఆపకుండానే.

తర్వాతి అంశం సన్మాన గ్రహీత స్పందన. అధ్యక్షులు పెరుమాళ్ళు గారు మైకును ముసలాయన గుమ్మం వైపు తిప్పి, "ఇప్పుడు గౌరవ దీపస్తంభం వారు తమ అనుభవాలు పంచుకుంటారు" అన్నారు. అందరం ఎదురు చూశాం. గాలి వీచింది. పీత ఒకటి మైకు తీగ ఎక్కి దిగింది. ఎవరూ లేవలేదు. ఎంతోసేపటికి పైనున్న కిటికీలోంచి గుడ్లగూబ ఒకటి విసుగ్గా అరిచి ఎగిరిపోయింది.

"క్లుప్తంగా, భావగర్భితంగా మాట్లాడారు" అని పెరుమాళ్ళు గారు చప్పట్లు కొట్టారు.

పదకొండో అంశం వచ్చింది. పోలమ్మ నేల మీద కూలబడి, జుట్టు విప్పి, "ఓ ముసిలోడా! మమ్మల్నొగ్గీసి ఎల్లిపోతన్నావా! దీపం నేకపోనా నీడిచ్చినావే! నీ నీడనే కూకుని సేపలెండేసుకున్నానే!" అని మొదలుపెట్టింది. వేదిక మీద అయిదుగురూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఆ వేళకు చుక్క నీరు రాలేదు. ఎండ చుర్రుమనే ఇసకలో నిలబడి దక్షిణం కాలనీ ఎటువైపు ఉంటుందా అని చూస్తూ ఉండిపోయాను.

విరమించినవారిని ఇంటిదాకా సాగనంపడం ఆఖరి అంశం. ముసలాయన ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియలేదు. చివరికి అందరూ ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బయల్దేరిన చోటికే వచ్చి, "క్షేమంగా ఇంటికి చేర్చితిమి" అని రాసుకున్నారు.

తాతీలు పడవ సిద్ధం చేశాడు. పెరుమాళ్ళు గారు ఒక కాలు పడవలో పెట్టారు. అప్పుడు కూర్మారావు, నెత్తిమీది కుర్చీలు దించకుండానే, "సార్, మనం కదులుతున్నాం కదా?" అన్నాడు.

"కదలకపోతే ఎలా వెళ్తామయ్యా?"

"కదలాలంటే మనకు వీడ్కోలు సభ జరగాలి కదా సార్. మనల్ని ఇక్కడ వేశారు. మనం ఈ చోటి సిబ్బంది."

పెరుమాళ్ళు గారి కాలు పడవలోనే ఉండిపోయింది. ఒకరికి వీడ్కోలు చెప్పాలంటే అయిదుగురు మిగలాలి. ఉన్నదే అయిదుగురు. ఆయన కాసేపు సముద్రం కేసి చూసి, కాలు వెనక్కి తీసుకున్నారు. ఆ కదలిక మాత్రం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు.

తాతీలుది కూలి పని, సిబ్బందిలోకి రాడు గనక ఒక్కడే వెళ్ళి కబురు చెప్పాడు. ప్రధాన కార్యాలయం వెంటనే స్పందించింది. వీళ్ళ వీడ్కోలు సభ కోసం మరో అయిదుగురిని పంపింది. వచ్చిన అయిదుగురు ఉన్న అయిదుగురికి శాలువాలు కప్పబోయారు. అప్పుడు సభకు అధ్యక్షత ఎవరు వహించాలన్న ప్రశ్న వచ్చింది. ఆ చోట అందరికంటే పై ఉద్యోగి వహించాలని ఉంది. పై ఉద్యోగి పెరుమాళ్ళు గారు. ఆయన ఆ పక్క కూర్చుని సన్మానించాలా, ఈ పక్క కూర్చుని సన్మానించబడాలా? రెండు కుర్చీల మధ్యా కాసేపు తిరిగి అలిసిపోయి, తన కంటే పై ఉద్యోగిని పంపమని కబురు పెట్టారు. పై ఉద్యోగి వచ్చాడు. పెరుమాళ్ళు గారిని పంపేలోగా తనను ఎవరు పంపుతారో తేల్చమని ఆయన పట్టుబట్టాడు. ఆయనకంటే పైవాడు, ఆ పైవాడికి తోడు మరో నలుగురు దిగారు.

మా దీవి నిండిపోయింది. ముసలాయన చుట్టూ గుడారాలు లేచాయి. పడవ రోజూ రాసాగింది. ప్రతి పొద్దునా ఎవరో ఒకరికి శాలువా కప్పేవాళ్ళు, తనను ఎవరు పంపుతారో తేలందే ఏ అధ్యక్షుడూ సభ ముగించడు గనక ఎవరూ పడవెక్కేవాళ్ళు కాదు. దండలు వాడిపోతే మేకలు తినేవి. పోలమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. "ఒకేపాలి ఏడ్చేస్తాను బావూ, అందరికీ కలిపి రాసీసుకోండి" అని అడిగింది. అలా కుదరదన్నారు. శోకం ఎవరిది వారికే చెందాలట.

దడి కన్నంలోంచి ఆ రోజుల్లో ఒకే మాట వినిపించేది. "వదినా, నూతిలో నీళ్ళు అడుగంటాయే," అనేదాన్ని నేను. "ఒదినా, ఈల్లు ఎల్లకపోతే దాహంతో పోతాం. ఎల్తే పడవాగిపోద్ది. ఏటి సేద్దాం?"

"నన్నడుగుతావేం? నాకు భయం ఒక్కటే తెలుసు."

"అది నాకూ తెల్సు. ఇంకోటేదైనా నేర్సుకో."

చివరికి ప్రధాన కార్యాలయంలో ఫోను ఎత్తే మనిషి కూడా దీవికి వచ్చేశాక, కమిషనర్ పద్మలోచనరావు గారే స్వయంగా బయల్దేరారు. మంచి ఎండలో నల్ల కోటు వేసుకుని దిగారు. దిగగానే ముసలాయన్ను చూసి, శాలువా బాగా కుదిరిందన్నారు. తర్వాత గుడారాల్లో ఉన్న తమ శాఖ మొత్తాన్ని చూసి, "మీరంతా ఇక్కడ ఉంటే అక్కడ ఎవరున్నారు?" అని అడిగారు.

"ఎవరూ లేరు సార్. మీరు కూడా ఇక్కడే ఉన్నారు కదా" అన్నాడు కూర్మారావు.

తాము కూడా సభ జరగనిదే కదలకూడదన్న సంగతి కమిషనర్ గారికి అప్పుడు తట్టింది. నిబంధన మార్చేద్దామని ఎవరో గొణిగారు. "మానవత్వాన్ని సవరించడమా?" అని ఆయన కసిరారు. పైగా మార్చే ఉత్తర్వుకు ముద్ర ప్రధాన కార్యాలయంలో ఉంది. ఆయన గుడారంలోకి వెళ్ళి ఆ పూటంతా ఆలోచించి, ముఖం వెలిగిపోతూ బయటకు వచ్చారు.

"ద్వీపవాసుల్లో అయిదుగురిని సభ జరిగేంతసేపు తాత్కాలిక వేదిక సిబ్బందిగా నియమిస్తున్నాను. వారు మనందరికీ సామూహిక వీడ్కోలు పలుకుతారు. వారి ఇల్లు ఇక్కడే గనక వెంటనే లేచి ఎక్కడికీ పోరు. సభ ముగియగానే నియామకం దానంతటదే రద్దవుతుంది. మనం పడవెక్కుతాం. పెరుమాళ్ళు గారు నివేదిక సమర్పిస్తారు. పడవ రద్దవుతుంది. ఆపైన వీరు హాయిగా కాలనీలకు చేరవచ్చు."

"మేం కాదంటేనో?" అంది పోలమ్మ.

"విధి నిరాకరణ అవుతుంది. విచారణకు మరో అయిదుగురిని రప్పించాల్సి ఉంటుంది."

పోలమ్మ నూతి వైపు చూసింది. "వొద్దు బావూ. కూకుంటాం."

వయసులో పెద్దదాన్నని నన్ను అధ్యక్షురాలిని చేశారు. పోలమ్మ ప్రధాన వక్త. ఇంకో మూడిళ్ళవాళ్ళు మిగతా కుర్చీల్లో కూర్చున్నారు. ఎదురుగా ఇసకలో శాఖ మొత్తం, శాలువాలు కప్పుకుని వరసగా నిలబడింది. పోలమ్మ ప్రసంగం చిన్నది. "అందరూ మంచోళ్ళే. నీల్లు మాత్రం శానా తాగినారు" అని కూర్చుంది.

ఇక అధ్యక్షురాలు అందరినీ సాగనంపాలి. నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. "మీరిక వెళ్ళవచ్చును" అని చదివితే చాలట. లేచి నిలబడ్డాను. ఆ ముక్క నా నోట రాలేదు. పక్క కుర్చీలో పోలమ్మ ఉంది. ఆ మాట అన్నానంటే ఆ కుర్చీ జిల్లా సరిహద్దు దాటిపోతుంది. నా చేతిలో కాగితం గాలికి కొట్టుకుంటోంది. పోటు తగ్గిపోతోందని, ఇంకాసేపయితే పడవలు ఇసకలో దిగబడతాయని తాతీలు రేవులోంచి కేకలేస్తున్నాడు.

"చదవండి మామ్మగారూ" అన్నారు కమిషనర్ గారు.

"బాబూ," అన్నాను, "ఉత్తినే వెళ్ళమని నేను అనలేను. ఈ రేవులో అందరినీ అడిగినట్టే మిమ్మల్నీ అడుగుతాను. తలా ఒక వస్తువు ఇక్కడ వదిలి వెళ్ళండి. సముద్రం మీద పోయేవాళ్ళు. నా మనసు ఊరుకోదు."

"ఇది నిబంధనల్లో లేదే" అన్నారు పెరుమాళ్ళు గారు.

"మా రేవులో ఉంది బాబూ. మీ అమ్మ అడిగిందనుకోండి."

"పోటు తగ్గిపోతంది బావూ!" అని తాతీలు అరిచాడు.

"స్థానిక ఆచారాలను గౌరవించడం కూడా మానవీయతే" అన్నారు కమిషనర్ గారు. ఆ ఎండకు ముందునుంచీ అవస్థ పడుతున్నారో ఏమో, కోటు విప్పి నా చేతుల్లో పెట్టారు. ఆయన ఇచ్చాక మిగతావాళ్ళు ఆగుతారా? పెరుమాళ్ళు గారు గొడుగు ఇచ్చారు. కూర్మారావు ఎడమ చెప్పు విడిచాడు. ఒకాయన దువ్వెన, ఒకాయన పొడుం డబ్బా, ఇంకొకాయన తన సన్మాన పత్రమే ఇచ్చేశాడు. ఒక్కొక్కరి చేతిలోంచీ తీసుకుంటూ, "జాగ్రత్త బాబూ, వెళ్ళి రండి" అన్నాను. పడవలు రేవు దాటేదాకా అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను. అందరూ ఏదో ఒకటి వదిలారు గదా అని మాత్రం కాస్త ధైర్యంగా ఉంది.

నేను ఆ వస్తువులన్నీ ముసలాయన కింది గదిలో మేకులకు తగిలించి వచ్చేసరికి పోలమ్మ ఇసకలో కూర్చుని నవ్వుతోంది. నవ్వుతూనే వంగిపోతోంది.

"ఎందుకే ఆ నవ్వు? పోయిన కొంపకు నవ్వొకటా?"

"కోటొదినా, కోటు! తాతీలు సెప్పినాడు గదా! వొస్తువుంటే మనిసున్నట్టేనని! సగం తీసేసి నమ్మినావు గానీ, ఆ సగంలోనే ఉందది!"

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ప్రధాన కార్యాలయానికి అంతసేపు పట్టలేదు.

తిరిగి వచ్చినవారు గుమ్మం దగ్గరే ఒకరినొకరు "మీ వస్తువులన్నీ తెచ్చుకున్నారా?" అని అడగడం అక్కడి పద్ధతట. అందరూ ఆఁ అన్నారు. కూర్మారావు మాత్రం ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు. దాచడానికి వీల్లేకపోయింది. ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. నిబంధన స్పష్టంగా ఉంది. వస్తువు పీతలదిబ్బలో ఉంది గనక మనిషి పీతలదిబ్బలో ఉన్నట్టే. తీర కట్టడాల శాఖ మొత్తం దీవిలోనే ఉందని తేలింది.

ఇప్పుడు పెరుమాళ్ళు గారు తన కుర్చీలోనే కూర్చుంటారు, కానీ ఆ కుర్చీ ఖాళీ. నివేదిక ఇవ్వబోతే, "మీరు ఇంకా రాలేదు కదా" అంటున్నారట. ముసలాయన విరమణ అమలులోకి రాలేదు. కమిషనర్ గారు పడవ రద్దు చేస్తూ సంతకం పెడితే, దీవిలో ఉన్నవారు ఇక్కడ సంతకం ఎలా పెడతారని తిప్పి పంపారట. పథకాన్నే రద్దు చేద్దామనుకున్నారు. దానికీ ఆయనే సంతకం పెట్టాలి. పోనీ వచ్చి కోటు తీసుకుపోదామా అంటే, దీవిలో కాలు పెడితే మళ్ళీ వీడ్కోలు సభ, మళ్ళీ అయిదుగురు. అందుకని ఎవరూ రారు. శాఖ సిబ్బంది ఇంతమంది దీవిలో ఉన్నారు గనక వాళ్ళకోసం బుధవారం పడవ తప్పకుండా రావాలని కొత్తగా ఉత్తర్వు కూడా వచ్చింది. అది ఎవరి సంతకంతో వచ్చిందని తాతీలును అడిగాను. పాత గుమాస్తా కుర్చీ మీద కోటు ఉన్న రోజుల్లో అన్నీ సాఫీగానే నడిచేవని, మళ్ళీ అక్కడ ఒక కోటు తగిలించారని చెప్పాడు. ఇందులో సగం తీసెయ్యాలో వద్దో నేను ఇంకా తేల్చుకోలేదు.

సిబ్బంది చదువుకోవడానికని పడవలో వార్తాపత్రికలు కూడా వస్తున్నాయి. కమిషనర్ గారి తరఫున నేను చదువుతున్నాను. ముసలాయన శాలువా ఎవరూ దించలేదు. చాలా దూరం నుంచి ఎర్రగా కనిపిస్తుందని వేటకు పోయే పడవలవాళ్ళు దాన్నే గుర్తు పెట్టుకుని రేవుకు వస్తున్నారు. పదవీ విరమణ సభ జరిగాక ఆయన మళ్ళీ ఉద్యోగం చేస్తున్నట్టయింది.

పడవ నిలబడింది గనక పోలమ్మకు వంక లేకుండా పోయింది. ఒక బుధవారం కన్ను కోయించుకోవడానికి బయల్దేరింది. నేను రేవులో నిలబడ్డాను. ఏమీ అడగకుండా చెయ్యి చాపాను.

"నాకు తెల్సులే" అంటూ పోలమ్మ నోట్లో చెయ్యి పెట్టి, పళ్ళ సెట్టు రెండు వరసలూ తీసి, నా అరచేతిలో పెట్టింది. "ఇయి ఒగ్గీసి నానెక్కడికెల్తాను? కోటు నేకపోనా బతకొచ్చు."

ఆ పళ్ళను గ్లాసులో నీళ్ళు పోసి, కమిషనర్ గారి కోటు పక్కన పెట్టాను. రోజూ పొద్దున్నే నీళ్ళు మార్చాను. దడి కన్నం దగ్గర కూర్చుని అటువైపు చూశాను. అటు చీకటిగా ఉండేది. ఒక బుధవారం వచ్చి వెళ్ళింది. ఆమె రాలేదు. కట్టు విప్పలేదట, తాతీలు చెప్పాడు. సగం తీసేస్తే ఏం మిగులుతుందోనని ఆ వారమంతా భయపడ్డాను.

మళ్ళీ బుధవారం పడవ ఆగింది. తాతీలు చెయ్యి పట్టుకుని పోలమ్మ దిగింది. బోసినోరు, నల్లద్దాలు. గట్టు మీదికి వచ్చి అద్దాలు తీసి, నా ముఖంలో ముఖం పెట్టి, చాలాసేపు చూసింది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు, పదకొండో అంశం, ఎవరూ పిలవకుండానే.

"ఒలమ్మో!" అంది పోలమ్మ. "ఇంత ముసిల్దానివేటొదినా నువ్వు! ఎవులూ సెప్పనేదే నాకు!"

"ముందు పళ్ళు పెట్టుకోవే," అన్నాను, గ్లాసు అందిస్తూ. "తిట్టేది సరిగ్గా వినపడడం లేదు."